కిరిందా దారిలో మలయ్ భాష

శ్రీలంకలో సింహళం, తమిళం మాట్లాడేవారి నడుమ, ఆ రెండు భాషలతోనూ పుట్టుకరీత్యా ఏ సంబంధమూ లేని మలయ్ భాష దాదాపు మూడున్నర శతాబ్దాలుగా ఇళ్లలో వినబడుతూనే ఉంది. ఇండోనేషియా, మలేషియాల మలయ్‌కు ఇది ఒక శాఖ, అంటే ఆస్ట్రోనేషియన్ కుటుంబపు భాష. పేరులో పోలిక కనబడినా మలయాళంతో దీనికి చుట్టరికం లేదు. 2012 జనగణనలో మలయ్‌లుగా నమోదైనవారు 40 వేల పైచిలుకు, దేశ జనాభాలో సుమారు 0.2 శాతం; వారిలోనూ ఆ భాష రానివారు చాలామందే ఉన్నారు. కొలంబోలో బయలుదేరి, దక్షిణ తీరం వెంబడి హంబన్‌తోట దాటి, కిరిందా అనే జాలరుల ఊరికి చేరే దారి ఈ భాష చరిత్రను చాలావరకు కళ్లకు కట్టిస్తుంది. కొలంబోకు దూరమయ్యేకొద్దీ భాష బలపడుతూ ఉండటం యాత్రికుణ్ణి మొదట ఆశ్చర్యపరిచినా, కారణాలు తెలిసేసరికి అది సహజమేననిపిస్తుంది.

కొలంబోలో బేర చెరువు పక్కనున్న కొంపన్నవీదియ ఈ యాత్రకు తగిన ఆరంభం. డచ్చివారు తమ బానిసలను అక్కడ ఉంచిన కారణంగా ఆ పేటకు ఇంగ్లీషులో స్లేవ్ ఐలండ్ అనే పేరు స్థిరపడింది. సింహళ నామంలోని 'కొంపన్న'లో వినబడేది మాత్రం డచ్చి ఈస్టిండియా కంపెనీ. అక్కడి వీధుల పేర్లలో జావా లేన్, మలయ్ స్ట్రీట్, రైఫిల్ స్ట్రీట్ అనేవి నేటికీ ఉన్నాయి. వేకంద మసీదుకు 1786లో స్థలం సమకూర్చినవాడు పందన్ బాలి అనే మలయ్ అని చెబుతారు. అయితే వీధి పేరు నిలిచినంత తేలికగా వీధిలోని మాట నిలవలేదు. గత పదిహేనేళ్లలో ఈ పేటలోని పాత ఇళ్ల వరుసలు చాలావరకు కూలి బహుళ అంతస్తుల భవనాలకు చోటిచ్చాయి, ఒకే సందులో ఎదురెదురుగా బతికిన కుటుంబాలు వేర్వేరు పేటలకు, వేర్వేరు అంతస్తులకు చెదిరిపోయాయి. వాకిట్లో పొరుగువారితో మాట్లాడుకునే వీలుంటే తప్ప బతకలేని చిన్న భాషకు ఇది ఇంటి గోడ కూలడం కంటే పెద్ద నష్టం. జావా లేన్‌లో నేడు యాత్రికుడి చెవిన పడేది ఎక్కువగా సింహళం, తమిళం, ఇంగ్లీషు కలగలిసిన నగర సంభాషణే. మలయ్ వినాలంటే పెద్దవాళ్లున్న ఇంటి గడప దాటి లోపలికి వెళ్లాలి.

ఈ మలయ్‌లు ఎక్కడివారన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. 1656లో పోర్చుగీసువారి నుంచి కొలంబోను గెలుచుకున్న డచ్చి ఈస్టిండియా కంపెనీ, తన తూర్పు రాజధాని బటావియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, సైనికులను, ఖైదీలను, బానిసలను, దేశబహిష్కృతులైన రాజవంశీకులను ఓడలమీద ఇక్కడికి చేరవేసింది. మకస్సర్‌కు చెందిన ప్రఖ్యాత సూఫీ గురువు షేక్ యూసుఫ్ 1684లో ఇక్కడికి ప్రవాసం వచ్చి, 1694లో ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు తరలింపబడ్డాడు. జావాలోని మతారం రాజు మూడవ అమంగ్‌కురత్ సింహాసనం కోల్పోయి 1708లో ఇక్కడికి వచ్చి, 1734లో ఇక్కడే కన్నుమూశాడు. జావా, మదుర, బాలి, అంబన్, మకస్సర్ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ జనానికి సొంత భాషలు వేర్వేరుగా ఉండగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ద్వీపాంతర (అంటే ఇండోనేషియా, మలేషియా దీవుల) రేవులన్నిటిలో చెల్లుబాటైన వర్తక మలయ్ పనికొచ్చింది. ఆ ఉమ్మడి మాటే వారి పిల్లలకు తల్లిభాష అయింది. సింహళీయులు మాత్రం వారిని నేటికీ 'జా' మనుషులనే, అంటే జావావారనే పిలుస్తారు.

కొండల్లోని కండీ రాజ్యంతో వీరి అనుబంధం తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పదగినది. 1739 నుంచి 1815 వరకు కండీని ఏలినవారు మదురై నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశస్థులు. వారి కొలువులోనూ మలయ్ సైనికులుండేవారు. 1803లో బ్రిటిషువారు కండీ మీదికి దండెత్తినప్పుడు మలయ్‌లు రెండు పక్షాలా ఆయుధం పట్టవలసివచ్చింది. బ్రిటిషు దళం లొంగిపోయాక, అందులోని మలయ్ కెప్టెన్ నూరుద్దీన్‌ను తన కొలువులో చేరమని రాజు శ్రీ విక్రమ రాజసింహుడు కోరగా, ఇచ్చిన మాట తప్పనని అతడు ప్రాణాలే వదులుకున్నాడు. తరువాతి కాలంలో సిలోన్ రైఫిల్ రెజిమెంటు పేరుతో స్థిరపడిన ఆ మలయ్ దళం 1873లో రద్దయ్యేదాకా మలయ్ సమాజానికి కూడు, గూడు, బడి అన్నీ సైన్యమే. ఒకే బారకాసుల్లో కలిసి బతకడం వల్ల భాషకు దొరికిన ఆ నీడ రెజిమెంటుతోపాటే తొలగిపోయింది. అక్కడి నుంచి వారు పోలీసు, అగ్నిమాపక దళం, జైళ్లు, తేయాకు తోటల పర్యవేక్షణ వంటి ఉద్యోగాల్లో దేశమంతా పరచుకున్నారు.

ఈ భాషను చాలాకాలం క్రియోల్ అనే వర్గంలో చేర్చారు. ఒకరి భాష ఒకరికి రాని జనం అవసరార్థం కల్పించుకునే, వ్యాకరణం బాగా కుదించిన మాటల కలయికను పిజిన్ అంటారు; అది ఒక తరం పిల్లలకు తల్లిభాషగా మారి, పూర్తి స్థాయి భాషగా ఎదిగినప్పుడు క్రియోల్ అవుతుంది. శ్రీలంక మలయ్ వ్యాకరణం ద్రావిడ భాషల తీరుకు అంత దగ్గరగా ఎలా వచ్చిందన్నదే పండితుల మధ్య తగువు. మలయ్ పురుషులు తమిళం మాట్లాడే ముస్లిం స్త్రీలను, అంటే అక్కడ మూర్లుగా పిలువబడే సమాజపు స్త్రీలను పెళ్లాడటం వల్ల, ఆ తల్లుల తమిళం పిల్లల మలయ్‌లోకి ప్రవహించిందని ఇయన్ స్మిత్, స్కాట్ పావ్, చరిత్రకారుడు బి. ఎ. హుసైన్మియా వాదించారు. ఉంబర్తో అన్సాల్దో దీన్ని ఒప్పుకోలేదు. మలయ్‌లు తమ భాషను ఎన్నడూ మరిచిపోలేదనీ, సింహళం, తమిళం, మలయ్ మూడూ వచ్చిన సమాజం తన భాషను తరతరాలుగా పొరుగు అచ్చులో పోసుకుంటూ వచ్చిందనీ ఆయన అభిప్రాయం. కిరిందాలో కొన్నాళ్లు గడిపినవారికి ఈ రెండో వాదమే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆ మూడు భాషలూ ఒకే పూటలో ఒకే మనిషి నోట వినబడతాయి.

ఆ అచ్చు ఎలాంటిదో తెలియాలంటే ఒక్క వాక్యం చాలు. 'నేను అన్నం తింటున్నాను' అనే అర్థంలో మలేషియాలో 'సాయా మాకాన్ నాసి' అంటారు. అంటే నేను, తిను, అన్నం అనే వరుస. శ్రీలంకలో అదే మాట 'సే నాసి అరమాకంగ్' అవుతుంది. సాయా కురుచై 'సే' అయింది, మాకాన్ చివరి నకారం నోటి వెనక్కి జారి 'మాకంగ్' అయింది, క్రియ వాక్యం చివరికి చేరింది, జరుగుతున్న పనిని సూచించే 'అర' క్రియకు ముందు అతుక్కుంది. చేపను చెప్పే 'ఇకాన్' ద్విత్వం పొంది 'ఇక్కంగ్' అయింది. హ్రస్వదీర్ఘాల తేడా, ద్విత్వాక్షరం, నాలుక మడిచి పలికే టకార డకారాలు మలేషియా మలయ్‌లో అంత ప్రముఖం కావు, తెలుగువారికి మాత్రం ఉగ్గుపాలతో వచ్చినవి.

విభక్తుల దగ్గర ఈ పోలిక మరింత లోతుకు వెళుతుంది. ద్వీపాంతర మలయ్‌లో నామవాచకానికి ముందు విభక్త్యర్థకాలు వస్తే, శ్రీలంకలో అవి వెనక్కి వచ్చి ప్రత్యయాలయ్యాయి. 'కితంగ్' అంటే మేము. 'కితంగ్‌నంగ్' అంటే మాకు. 'నంగ్' ఇక్కడ తెలుగు 'కు' చేసే పనంతా చేస్తుంది. చేతనవడం, కావలసి ఉండటం, కలిగి ఉండటం వంటి స్థితులను చెప్పేటప్పుడు కర్తను ప్రథమా విభక్తిలో కాక చతుర్థిలో ఉంచే అలవాటు కూడా అలాగే వచ్చింది. మలేషియాలో 'సాయా బొలే', అంటే నేను చేయగలను, అనే చోట శ్రీలంకలో 'సెదంగ్ బోలె' అంటారు. ఈత గురించి తెలుగువాడు 'నాకు వచ్చు' అనేటప్పటి నిర్మాణమే ఇది. 'సెప్పె బాపా' అంటే నా తండ్రి. ఆ 'పె' అనే షష్ఠీ ప్రత్యయం 'పుఞ్ఞ' అనే పాత మలయ్ మాట అరిగి మిగిలినది. ఈ లక్షణం అంబన్, బండా వంటి ఇతర ద్వీపాల వాడుక మలయ్‌లలోనూ కనబడటం వల్ల, వీటన్నిటి వెనుక ఒకే వర్తక మలయ్ ఉందని చెప్పగలుగుతున్నారు.

కొండప్రాంతపు మాండలికం మీద సెబాస్టియన్ నోర్డ్‌హోఫ్ 2009లో వెలువరించిన బృహద్వ్యాకరణం చదివే తెలుగు పాఠకుడికి పుట పుటనా తెలిసిన ముఖాలే ఎదురవుతాయి. 'నిన్న వచ్చిన మనిషి' అనడానికి 'కుమారెంగ్ అనదాతంగ్ ఓరంగ్' అంటారు. తెలుగు ధాతుజ విశేషణంలాగే అక్కడా 'వచ్చిన' అనేది మనిషికి ముందే నిలుస్తుంది. 'తిని' అనే క్త్వార్థకానికి 'అసమాకంగ్' ఉంది. ఒకరి మాటను మరొకరికి అప్పగించే 'అని' చేసే పని 'కథ' అనే మాట చేస్తుంది. అయితే పోలికకు ఒక హద్దు ఉంది, అదే ఈ భాషలో అన్నిటికంటే ఆకర్షణీయమైన భాగం. 'అస' అనేది క్రియకు వెనుక కాక ముందు వచ్చింది. 'అన', 'అర' కూడా అంతే. ద్రావిడ వాక్యం కోరే పని అంతా అక్కడ జరుగుతోంది, కాని ఆ పనిముట్లు మలయ్‌లో సహాయక పదాలు నిలిచే పాత స్థానాన్ని వదలలేదు. దీన్ని భాష దెబ్బతినడంగా కాక, రెండు సంప్రదాయాలనూ క్షుణ్ణంగా ఎరిగిన జనం కట్టిన కొత్త కట్టడంగా చూడటమే న్యాయం.

ఈ భాషకు రాత లేదనుకోవడం పొరపాటు. మలయ్‌ను అరబ్బీ లిపిలో రాసే పద్ధతిని ఇక్కడ గుండుల్ అంటారు. అచ్చుల గుర్తులు లేని రాత కనుక 'బోడిది' అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. బాబా యూనుస్ సల్దిన్ 1869లో కొలంబో నుంచి ఆ లిపిలోనే 'ఆలమత్ లంకాపురి' అనే పత్రికను నడిపాడు; మలయ్ భాషలో వెలువడిన తొలి పత్రికల్లో అది ఒకటి. ఇళ్లలో భద్రంగా దాచుకున్న కథాకావ్యాల చేతిరాతలను హుసైన్మియా వెదికి, పట్టికలు తయారుచేశాడు. అయితే ఆ రాతల్లోని భాష ద్వీపాంతరపు సాహిత్య మలయ్. ఇంట్లో పలికే 'నంగ్', 'పె', 'కథ' వాటిలోకి పెద్దగా అడుగుపెట్టలేదు. మాట ఒక దారిన, రాత మరొక దారిన నడిచిన ఈ స్థితి గ్రాంథిక, వ్యావహారిక వాదాలు తెలిసిన తెలుగువారికి విడమరిచి చెప్పనక్కరలేదు. గుండుల్ చదవగలిగినవారు తగ్గిపోయాక రాత చరిత్ర మొత్తం అక్కడితో ఆగింది.

కొలంబో నుంచి దక్షిణానికి వెళ్లే రైలు గాల్లె, మాతర మీదుగా, 2019లో వేసిన కొత్త మార్గంలో బెలిఅత్త వరకు వెళుతుంది. అక్కడి నుంచి బస్సు ఎక్కాలి. పచ్చని కొబ్బరి తోటలు వెనకబడి, తుమ్మ పొదలు, ఎర్రనేల, వేడిగాలి మొదలయ్యేసరికి హంబన్‌తోట వచ్చినట్టే. సింహళంలో తోట అంటే రేవు. సాంపాన్ అనే మలయ్ పడవలు ఆగిన రేవు కనుక ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని స్థానికుల వివరణ. సముద్రానికీ, లేవాయలనే ఉప్పు కయ్యలకూ నడుమ ఇరుకుగా కట్టుకున్న పట్టణమిది. ఉప్పు ప్రభుత్వ గుత్త సొత్తుగా ఉన్న కాలంలో దాన్ని కాపలా కాయడానికి, దండు నిలపడానికి బ్రిటిషువారు మలయ్‌లను ఇక్కడ స్థిరపరిచారు. 

2004 డిసెంబరు 26 ఆదివారం. సంతకు చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చి ఉన్న వేళ సునామీ ఆ ఇరుకు భూమి మీదుగా దాటి ఉప్పు కయ్యల్లోకి పోయింది. తీరం వెంబడి ఇళ్లున్న మలయ్ కుటుంబాల్లో ప్రాణనష్టం మాటలకందనిది. ఇళ్లు కోల్పోయిన చాలామందికి సముద్రానికి దూరంగా సిరిబోపుర వైపు కొత్త ఇళ్లు కట్టించారు. ప్రాణభయం తీరాక ఆ తరలింపు అవసరమేనని ఎవరైనా ఒప్పుకుంటారు. కాని కొంపన్నవీదియలో భవన నిర్మాణం చేసిన పనినే ఇక్కడ సముద్రం చేసింది, పక్కపక్క గుమ్మాలను విడదీసింది. పెద్దవాళ్లు ఒక్కసారిగా పోయిన ఇంట్లో వారితోపాటు పోయే మాటలు, సామెతలు, పాటలు ఏ నష్టపరిహారపు లెక్కలోకీ రావు.

కిరిందా హంబన్‌తోటకు తూర్పున, యాలా అడవుల అంచున ఉంది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన బండరాళ్ల మీద విహారమహాదేవి గాథతో ముడిపడిన బౌద్ధాలయం, దాని కింద ఎప్పటికప్పుడు ఇసుక మేటవేసే చేపల రేవు, వెనుక మసీదు చుట్టూ అల్లుకున్న మలయ్ ఇళ్లు. ఊరంతా ఒక్క నడకలో చూడవచ్చు. ఇక్కడ పిల్లలు నేటికీ మలయ్‌లోనే తొలి మాటలు నేర్చుకుంటారని భాషాశాస్త్రజ్ఞులు చాలాకాలంగా రాస్తూ వచ్చారు, ఊళ్లోకి అడుగుపెట్టిన యాత్రికుడు దాన్ని తన చెవులతోనే నిర్ధారించుకోగలడు. రేవు దగ్గర సింహళ వ్యాపారితో సింహళంలో బేరమాడిన మనిషి, మసీదులో తమిళ ప్రసంగం విని, ఇంటికొచ్చి వాకిట్లో చేపలను 'సాతు, దూవ, తీగ, అంపత్, లీమ' అని లెక్కపెడతాడు. అరుగు మీద కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీస్తున్న తల్లిని పిల్లవాడు 'ఉమ్మ' అని పిలుస్తాడు. అది మూర్ల తమిళం నుంచి వచ్చి చేరిన పిలుపు. తండ్రి మాత్రం 'బాపా', ద్వీపాంతరం నుంచి ఓడ దిగినప్పటి మాటే. పండుగ పూట ఆ వంటింట్లోనే కొబ్బరిపాలు, కోడిగుడ్లు, జీలుగు బెల్లం, ఏలకులు కలిపి ఆవిరి మీద ఉడికించే వటలప్పం తయారవుతుంది. మలయ్‌లు తెచ్చినదని చెప్పే ఆ తీపి వంటకం నేడు శ్రీలంక అంతటికీ సొంతం.

ఈ ద్వీపంలో ఇలా గడప లోపల దాగిన మరొక భాష తెలుగే కావడం ఇక్కడ గుర్తుచేయదగినది. పాములాడించడం, కోతులాడించడం, చేయి చూసి జోస్యం చెప్పడం వృత్తులుగా సంచరించిన అహికుంటికులు తమలో తాము మాట్లాడుకునేది తెలుగుకు చెందిన ఒక మాండలికం. అనురాధపురం జిల్లాలోని కుడగమ వంటి ఊళ్లలో వారు స్థిరపడ్డారు. పత్రిక లేక, బడి లేక, దూరదేశపు రాయబార కార్యాలయం ఆదరణ లేక వారి మాట ఇన్నాళ్లు నిలిచిందంటే, దానికి కారణం కిరిందాలో ఉన్నదే: ఒకరి పక్కన ఒకరు బతకడం.

మలయ్‌కు అలాంటి ఆదరణ కొంత ఉంది, చిక్కంతా అక్కడే వస్తోంది. తమ పిల్లలు నేర్వదగినది మలేషియా, ఇండోనేషియాల ప్రామాణిక భాషేననీ, ఇంట్లో మాట్లాడేది చెడిపోయిన మలయ్ అనీ కొలంబోలోని చదువుకున్న మలయ్‌లలో చాలామంది భావిస్తారు. ఉద్యోగానికి, ప్రయాణానికి, తమను కన్న విశాల మలయ్ లోకంతో తెగిన బంధాన్ని అతికించుకోవడానికి ప్రామాణిక భాష పనికొస్తుందన్నది నిజం. ఆ కోరికను తప్పు పట్టే హక్కు బయటివారికి లేదు. కిరిందా గురించి రాసిన లీసా లిమ్, అన్సాల్దోలు కూడా ఈ ఇరకాటాన్ని గుర్తించారు. కాని 'సెదంగ్ బోలె' అనే పిల్లవాణ్ణి 'సాయా బొలే' అని దిద్దడమంటే, 'నాకు వచ్చు' అనే వాణ్ణి తప్పుగా మాట్లాడావని మందలించడమే. మూడున్నర శతాబ్దాల సహజీవనం కట్టిన వ్యాకరణాన్ని అపశబ్దంగా కొట్టివేసి, దాని స్థానంలో ఆ పిల్లవాడి తల్లి ఎన్నడూ మాట్లాడని భాషను నిలబెడితే, పోయేది శ్రీలంక మలయ్, వచ్చేది పాఠ్యపుస్తకాల్లోని విదేశీ భాష.

ఇంటి మాటకు రాత కల్పించడం అంత కష్టమైన పనేమీ కాదు. రోమన్ లిపిలో దంత్య తకారాన్నీ మూర్ధన్య టకారాన్నీ, హ్రస్వాన్నీ దీర్ఘాన్నీ వేరుచేయడానికి జంట అక్షరాలో, ప్రత్యేక గుర్తులో కావాలి. సింహళ లిపిలో వాటన్నిటికీ వేర్వేరు అక్షరాలు ముందే ఉన్నాయి, పైగా వర్గాక్షరానికి ముందు సగం పలికే అనునాసికాలకు సైతం గుర్తులున్నాయి. బడిలో సింహళం నేర్చిన కిరిందా పిల్లలకు తమ 'ఇక్కంగ్', 'మాకంగ్'లతో ఒక వాచకం ఆ లిపిలో అచ్చువేసి ఇస్తే, దాన్ని చదవడానికి వారు కొత్తగా దిద్దవలసిన అక్షరం ఒక్కటీ ఉండదు.